పదిహేడో నంబరు కోటు

పగ పట్టడంలో పాముకి నేనేం తీసిపోను. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పలేదనొద్దు.

మీటింగుల్లో మైకు చేతికిస్తే మాత్రం వేరేగా మాట్లాడేదాన్ని. చిన్న సంస్థలు, అవకాశాలు, సొంత కాళ్ల మీద నిలబడటం అంటూ పావుగంట దంచేదాన్ని. జనం చప్పట్లు కొట్టేవారు. అదంతా అబద్ధమని కాదు. కానీ టెండర్లు తేల్చే ఆ కుర్చీలోకి నేనొచ్చింది అందుకు కాదు, ఒక్క మనిషి మెడలు వంచడానికి.

ఆ మనిషిని అందరూ బొత్తాల షావుకారు అంటారు. తోపుడు బండి మీద బొత్తాలమ్ముతూ మొదలుపెట్టాడట. నాకు ఊహ తెలిసేసరికి పెద్ద షెడ్డు, వంద మెషిన్లు. ఆస్పత్రివాళ్లు, బస్సులవాళ్లు, బళ్లో పిల్లలు, జైల్లో ఖైదీలు, ఒంటిమీద యూనిఫాం ఉన్న ప్రతివాళ్లూ ఆయన కుట్టించిన గుడ్డల్లోనే తిరిగేవారు.

మా అమ్మ దర్జీ. ఇంటి ముందుగదిలో మూడు మెషిన్లు, సాయానికి ఇద్దరు ఆడవాళ్లు. నాకు పద్నాలుగేళ్లప్పుడు పెద్దాస్పత్రికి వార్డు కోట్లు కావాలని టెండర్ పడింది. అమ్మ వారం రోజులు ఆస్పత్రి వరండాలో కూర్చుని అక్కడి ఆయాలు ఎలా పనిచేస్తున్నారో చూసొచ్చింది. కత్తెరలు, మందు సీసాలు, తాళాల గుత్తులు అన్నీ జేబుల్లో కుక్కుతారు, వారం తిరక్కుండా జేబు మూలలు చిరుగుతాయి. అమ్మ ఏం చేసిందంటే, జేబు మూల వెనకాల మూడుమూలల గుడ్డముక్క పెట్టి, అంచు లోపలికి మడిచి, రెండు వరసలు కుట్టింది. పైకి ఏమీ కనపడదు. "ఏనుగు పట్టుకుని లాగినా రాదే" అని నవ్వింది. ఆ కోటు తొడుక్కుని నేను ఇల్లంతా తిరిగాను. చేతులు మోకాళ్ల దాకా వచ్చాయి.

ఆ రోజుల్లో చిన్నవాళ్లు నేరుగా టెండర్ వేయడానికి లేదు. ఎవరో ఒక పెద్ద సంస్థ కాగితాల కింద దూరాల్సిందే. అమ్మ ఆ కోటు పట్టుకెళ్లి షావుకారుకిచ్చింది. "మీ పేరు మీదే వేయండన్నా, ఆర్డరొస్తే సగం పని మాకివ్వండి చాలు" అంది. "దానికేం భాగ్యం చెల్లెమ్మా" అన్నాడు.

ఆర్డరొచ్చింది. ఆయన కబురు మాత్రం రాలేదు. అమ్మ నన్ను వెంటబెట్టుకుని టెండర్ల ఆఫీసుకి వెళ్లింది. బల్ల వెనక ఆఫీసరు, ఎదురుగా షావుకారు, చుట్టూ పదిమంది. అమ్మ సంగతి చెప్పబోతుంటే షావుకారు ఎగాదిగా చూశాడు. "ఎవరీవిడ? మా షెడ్డులో బొత్తాలు కుట్టే మనిషేమో! శాంపిల్ తనదంటోంది, చూశారా చోద్యం" అన్నాడు. ఆఫీసరు నవ్వాడు. ఆఫీసరు నవ్వాడు కాబట్టి పదిమందీ నవ్వారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికొచ్చేసింది.

ఆ ఏడాదే నాన్న పోయాడు. మూడు మెషిన్లూ అప్పుల్లో పోయాయి. అమ్మకి పని దొరికింది ఆ షెడ్డులోనే. ఏం పనో తెలుసా? బొత్తాలు కుట్టడం. ఆయన నోటిదురుసుకి అన్న మాట మాకు బతుకైపోయింది. ఇరవై ఏడేళ్లు తను కనిపెట్టిన జేబుని వేరేవాళ్లు కుడుతుంటే ఆ కోట్లకి బొత్తాలు పెట్టి ఇచ్చింది మా అమ్మ. ఒక్కరోజు నోరెత్తలేదు. ఆవిడ ఎత్తని నోరంతా నేను దాచిపెట్టుకున్నాను. చదివాను, పరీక్షలు రాశాను, ఇంటర్వ్యూలో వినయంగా నవ్వాను. ఆ నవ్విన ఆఫీసరు ఆఫీసులోనే ఒక కుర్చీ కోసం.

ప్రభుత్వం కొనే సరుకులో నాలుగో వంతు చిన్న సంస్థల దగ్గరే కొనాలని ఒక పథకం ఉంది. కోట్లు, బల్లలు, ఫైళ్లు, చీపుళ్లు, ఏదైనా సరే పదిమందో పాతికమందో పనిచేసే చోటి నుంచి. వాళ్లకి టెండర్ కాగితాలు నింపడం నేర్పడం దగ్గర్నుంచి కాంట్రాక్టు చేతికొచ్చేదాకా వెన్నంటి ఉండటం ఆ ఆఫీసులోనే ఒక చిన్న విభాగం పని. దాన్ని ఎవరూ కోరుకునేవారు కాదు. మెట్ల కింద గది, తిరిగితే తిరిగినట్టు లేకపోతే లేనట్టు ఒక ఫ్యాను. పైవాళ్లకి కోపమొచ్చినప్పుడు మనుషుల్ని అందులో పడేసేవారు. నేను అడిగి మరీ వేయించుకున్నాను. నాకు మతిపోయిందనుకున్నారు అందరూ.

వచ్చిన ఏడాదే నిబంధనలు తిరగరాశాను. శాంపిళ్ల మీద నంబర్లే ఉండాలి, పేర్లు సీలు కవర్లో ఉండాలి, తీర్పు అయ్యాకే విప్పాలి. శాంపిల్లో లోపముంటే వెంటనే కొట్టేయకుండా పసుపు చీటీ ఇవ్వాలి, అంటే ఫలానాది సరిచేసి వారంలో పట్టుకురండి అని. చిన్నవాళ్లకి రెండో అవకాశమంటూ ఒకటుండాలి. అమ్మని తలుచుకుని రాశాను ఆ ముక్క. ఇక మూడోది, శాంపిల్ నెగ్గినవాళ్ల చోటికి కమిటీ వెళ్తుంది, మా కళ్లెదుటే ఆ వస్తువు చేసి చూపించాలి. ఇది మాత్రం షావుకారుని తలుచుకుని రాశాను.

ఎందుకంటే ఆయన ఊరుకుంటాడా? చిన్నవాళ్లకిచ్చే కోటా ఉందనగానే చిన్నవాళ్లని పుట్టించాడు. మొదట డ్రైవరు భార్య పేరుతో ఒక సంస్థ. వెళ్లి మెషిన్ ముందు కూర్చోబెడితే సూదిలో దారం ఎక్కించలేక ఆ పిల్ల ఏడ్చేసింది. తర్వాత బావమరిది. మెషిన్లో దారం చుట్టి పెట్టే బాబిన్ చేతికిచ్చి ఇదేమిటి బాబూ అంటే అటూ ఇటూ తిప్పి చూసి "చక్రం" అన్నాడు. మా సూపరింటెండెంటుకి ఆ రోజు సాయంత్రం దాకా నవ్వు ఆగలేదు.

మూడోది మాత్రం గట్టిగానే కట్టాడు. మంచి గది, పది మెషిన్లు, పని తెలిసిన దర్జీలు. యజమాని కుర్చీలో ఒక పెద్దమనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. ఏది అడిగినా టకటకా చెబుతున్నాడు. సరే, నెగ్గాడే అనుకుంటున్నాను, అప్పుడు షావుకారు షెడ్డు మేనేజరు ఏదో పని మీద వచ్చినట్టు గుమ్మంలోకొచ్చాడు. అంతే, మన యజమానిగారు కుర్చీలోంచి చివుక్కున లేచి, సెల్యూట్ కొట్టి, పరుగున వెళ్లి తలుపు తీసి పట్టుకున్నాడు. పాపం ఆయన ఆ షెడ్డుకి పదహారేళ్లుగా వాచ్‌మన్. అలవాటు ఎక్కడికి పోతుంది! నేను పకపకా నవ్వి, ఫైలు మూసి, అక్కడికక్కడే బినామీ అని రాశాను. ఈసారి షావుకారు సంస్థనే ప్రభుత్వ టెండర్లన్నిటి నుంచీ నిషేధించేదాకా నిద్రపోలేదు.

వారానికి ఆయనే వచ్చాడు. మెట్ల కింద గది బయట బెంచీ మీద కూర్చోబెట్టించాను. పదింటికి వస్తే ఒంటిగంటకి పిలిచాను. మధ్యలో రెండుసార్లు పని లేకపోయినా బయటికెళ్లి ఆయన ముందు నుంచే నడిచాను. ఆ సుఖం ఎలా చెప్పను! మనిషి వడిలిపోయాడు. లోపలికొచ్చి నిలబడే, "తల్లీ, మీ నాన్నలాంటివాణ్ణి" అన్నాడు.

"నేనెవరో తెలుసా మీకు?" అన్నాను.

"తెలీకపోవడమేమిటమ్మా, ఈ విభాగానికి పెద్ద మీరు."

"అంతకుముందు?"

కళ్లు చికిలించి చూశాడు. నిజంగానే గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు. గుర్తురాలేదు. ఒళ్లు మండిపోయింది నాకు. ముప్పై ఏళ్లు నేను వీణ్ణి రోజూ తలుచుకున్నాను, వీడికి మేము గుర్తే లేము! చెప్పేద్దామనుకున్నాను. చెప్పలేదు. తెలిస్తే కాళ్లు పట్టుకుంటాడు, పట్టుకుంటే ఎక్కడ కరుగుతానోనని. "వెళ్లిరండి" అన్నాను.

ఆర్నెల్లకి షెడ్డు మూసేశాడని తెలిసింది. నేను నమ్మలేదు. ఇలాంటివాళ్లు మూసేది ముందు తలుపులే.

ఆ ఏడాది మళ్లీ పెద్దాస్పత్రి వార్డు కోట్ల టెండర్ వచ్చింది, ఈసారి మా పథకం కింద. ఇరవై మూడు శాంపిళ్లు వచ్చాయి. పొడవాటి బల్ల మీద పరిచి, నేనూ, మా సూపరింటెండెంటూ, కుట్టు నేర్పే బడి నుంచి రిటైరైన మాస్టారూ వరసగా చూసుకుంటూ వస్తున్నాం. మాస్టారంటే నాకు గౌరవం. కోటుని తిరగేసి లోపలి కుట్టు చూసిగానీ ముందువైపు చూడడు. పదిహేడో నంబరు దగ్గర ఆగిపోయాడు.

"అబ్బ! ఇదీ పనంటే" అన్నాడు.

నేను జేబులో చెయ్యి పెట్టాను. మూలలో వేలికి తగిలింది, మూడుమూలల ముక్క, లోపలికి మడత, రెండు వరసలు.

నాకు చెవుల్లోంచి ఆవిరొచ్చింది. ఆ కుట్టు ప్రపంచంలో ఒక్క షెడ్డులోనే వేస్తారు. నాలుగో బినామీ! అదీ మా అమ్మ కోటుతో, నా బల్ల మీదికి, నా చేతుల్లోకి! ఎంత పొగరు!

"మాస్టారూ, జేబు కొలవండి" అన్నాను.

కొలిచాడు. భుజం కుట్టు నుంచి జేబు అంచు దాకా ఉండాల్సిన కొలత కంటే కిందకుంది. పావంగుళం తేడా ఉన్నా ఒప్పుకోవచ్చు. ఇది పావంగుళం దాటి ఇంకో దారప్పోగంత ఉంది.

"కొట్టేయండి" అన్నాను.

మాస్టారు కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "పసుపు చీటీ ఇవ్వమ్మా. తొమ్మిదో నంబరు అరంగుళం తేడా ఉంటేనే ఇచ్చాం కదా."

"దీనికివ్వను."

"పోనీ వాళ్ల చోటికెళ్లి కుట్టించి చూద్దాం. దొంగో దొరో అక్కడే తేలిపోతుంది. ఆ నిబంధన పెట్టింది నువ్వే కదా."

"దొంగే మాస్టారూ, నాకు తెలుసు. ఈసారి పనివాళ్లని తెచ్చి కూర్చోబెట్టి నెగ్గుతాడు. ఆ అవకాశం నేనివ్వను. చీటీ ఇవ్వడం ఇవ్వకపోవడం అధికారి ఇష్టమని రాసుంది."

రాసుంది మరి. రాసింది నేనే. సూపరింటెండెంటు బల్ల కింద నా కాలు తొక్కినంత పని చేశాడు. నేను ఆగలేదు. తిరస్కరించడమైనది అని రాసి, పెన్ను కాగితంలోకి దిగేలా సంతకం పెట్టాను. తిరస్కరించిన సంస్థ మూడేళ్లదాకా మళ్లీ రాకూడదు. మూడేళ్లు! ఆ ముసలాడు బతికుంటే కదా అనుకున్నాను. ఛీ, అనుకున్నాను, నిజమే చెబుతున్నాను.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి అమ్మ బాల్కనీలో కూర్చుని టీ తాగుతోంది. అరవై తొమ్మిదేళ్లు ఆవిడకి. కొన్ని నెలలుగా పొద్దున్నే బయల్దేరి వెళ్తోంది, ఎవరో ఆడవాళ్లకి కుట్టు నేర్పుతున్నానంటుంది. ఎక్కడ, ఏమిటని నేను అడగలేదు. నా తీరిక నాకెక్కడ!

"కోట్ల శాంపిళ్లు చూశారా?" అంది.

"చూశాం. అమ్మా, ఇవాళ నీ బాకీ తీర్చేశాను. షావుకారు మళ్లీ దొంగపేరుతో వచ్చాడు, నామరూపాల్లేకుండా కొట్టేశాను."

"ఆయన మూసేసుకుని పోయాడు కదే."

"అంతా నటన. నాకు తెలీదా?"

"ఎలా తెలుసు నీకు?"

"జేబు చూసి" అన్నాను గొప్పగా. "మూల పట్టుకోగానే తెలిసింది."

అమ్మ కప్పు కింద పెట్టింది. "పసుపు చీటీ ఇచ్చావా?"

"వాడికా? చెప్పుతో కొట్టినట్టు కొట్టేశాను."

అమ్మ లేచి లోపలికెళ్లిపోయింది. పాత బాధంతా గుర్తొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంటోందేమో, పోనీలే, మనసు తేలికపడుతుంది అనుకున్నాను. నా అంత తెలివైనది ఇంకొకతి లేదు చూడండి.

మర్నాడు పదకొండింటికి సీలు కవర్లు విప్పాం. సూపరింటెండెంటు నంబరు చదివి, పేరు చదువుతున్నాడు. పదిహేడుకి రాగానే చదవడం మానేశాడు.

"చదవండి, ఎవడి పేరు పెట్టాడో చూద్దాం" అన్నాను.

ఆయన కాగితం నా వైపు జరిపాడు. మహిళా కుట్టు సంఘం, సభ్యులు పద్దెనిమిది మంది. అధ్యక్షురాలు అన్నచోట మా అమ్మ పేరు. ఆవిడ చేతిరాతే, గుండ్రంగా, ఒక్కో అక్షరం విడివిడిగా. కింద ఇంకో వరస. "ఈ విభాగం అధికారి నా కూతురు. మా శాంపిల్ సంగతి ఆమెకు తెలియదు. నంబరు మీదే తీర్పు జరగాలని కోరుతున్నాను. నెగ్గితే తుది సంతకం కమిషనరుగారు పెట్టగలరు."

ఎలా లేచానో, ఎలా వెళ్లానో నాకు తెలీదు. కాగితంలో ఇచ్చిన చిరునామా ఆ షెడ్డుదే. ముందు తలుపు నిజంగానే మూసుంది, పక్క సందులోంచి దారి. లోపల నాలుగోవంతు చోటులో మాత్రం దీపాలు వెలుగుతున్నాయి. రెండు వరసల్లో మెషిన్లు, ఆ మెషిన్ల వెనక ఆడవాళ్లు. కొందరు నా చిన్నప్పుడు మా ఇంటికొచ్చినవాళ్లే, జుట్టు నెరిసింది. నన్ను చూసి ఒక్కొక్క మెషినూ ఆగింది. అందరికీ తెలిసిపోయిందని వాళ్ల మొహాలు చూస్తేనే అర్థమైంది.

అమ్మ చివర్న పెద్ద బల్ల వెనక నిలబడి సుద్దతో గుడ్డ మీద గీతలు గీస్తోంది. తలెత్తలేదు.

"అమ్మా, ఎందుకు చెప్పలేదు నాకు?"

"చెబితే కూతురిప్పించిందంటారు. ముప్పై ఏళ్లాగి నా కోటు నా కోటుగా నెగ్గాలనుకున్నాను. అందులో తప్పేముంది?"

"నేను ఆయనదనుకున్నాను!"

"ఆయన మంచమెక్కాడు. కొడుకులు వేరే వ్యాపారాలు చూసుకున్నారు. షెడ్డు మూసేస్తూ మెషిన్లు మాకమ్మి, ఈ మూల అద్దెకిచ్చాడు. అమ్మేటప్పుడు నేనే వెళ్లాను బేరానికి. నన్ను కూర్చోమన్నాడు." అమ్మ సుద్ద కింద పెట్టి చేతులు దులుపుకుంది. "ఈ బల్ల ఆయనది. దీని వెనక నిలబడి నా జేబు నేను గీసుకుంటున్నాను. పగంటే ఇదే నాకు. పూర్తిగా తీరిపోయింది. నిన్ను తీర్చమని నేనెప్పుడైనా అడిగానా?"

ఎలక మీద కోపానికి ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టయింది నా పని.

"జేబు ఎందుకు కిందకి పెట్టావు?" అన్నాను చివరికి. అదొక్కటే దొరికింది అడగడానికి.

"ఆయాలు వంగినప్పుడు కత్తెర జారి పడుతోంది, వెళ్లి చూసొచ్చాను. దారప్పోగంత పైకి జరపమని చీటీ ఇస్తే పొద్దున్నకల్లా జరిపి ఇచ్చేదాన్ని. ఆ కాంట్రాక్టు మీద ఆశతోనే వీళ్లంతా వేరే పనులు మానుకొచ్చారు. మూడేళ్లు రాకూడదన్నావు. మూడేళ్లు వీళ్లేం చేయాలి?"

"నేను కమిషనరుతో మాట్లాడతాను. ఏదో ఒకటి—"

"మాట్లాడావంటే ఊరుకోను!" షెడ్డంతా ఉలిక్కిపడింది. అమ్మ గొంతు అంత పెద్దదని నాకు తెలీదు. "పెద్దవాళ్ల చెవిలో ఊది పనులు చేయించుకునే మనిషి ఈ బల్ల వెనక ఇప్పటిదాకా ఉన్నాడు, చాలు. మీ దగ్గర అప్పీలు పది రోజుల్లో వేయాలి కదూ? రేపే వేస్తాను, నీ మీదే. నువ్వు జవాబు చెప్పుకో."

"నేను నీ కూతుర్నమ్మా."

"ఆ రోజు ఆయన్ని ఎందుకొదిలేశానో తెలుసా? నా పక్కన నువ్వున్నావు, నీకు అన్నం పెట్టాలి, అందుకని. ఇవాళ నా పక్కన పద్దెనిమిది మందున్నారు. ఎవర్నీ వదలను. నువ్వైనా సరే."

అన్నట్టే వేసింది. విచారణ దాకా ఇంట్లో నాతో ఒక్క మాట లేదు. వంట చేసి, నా కంచం బల్ల మీద పెట్టి, తన కంచం తీసుకుని గదిలోకెళ్లిపోయేది. పొద్దున కారులో దింపుతానంటే చెప్పులేసుకుని బస్‌స్టాప్‌కి నడిచేది. ముప్పై ఏళ్లు నేను షావుకారు మీద చూపించిన పట్టుదల ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఆ వారంలో తెలిసింది నాకు.

విచారణ ముందురోజు సూపరింటెండెంటు నా గదిలోకొచ్చి తలుపు వేశాడు. "మేడం, మీరు కంగారు పడకండి. కొలత నిజంగానే దాటింది. చీటీ ఇవ్వడం అధికారి ఇష్టమని రాసుంది. అంతవరకు చెప్పి ఊరుకోండి. కాగితం మీద మీరే నెగ్గుతారు, కుర్చీకి ఢోకా లేదు. అమ్మగారికి తర్వాత ఏదైనా దారి చూద్దాం."

మంచివాడు, నా మేలు కోరే చెప్పాడు. ఆ మాటే రాత్రీ పగలూ నా బుర్రలోనూ తిరుగుతోంది. నేను నోరు మూసుకుంటే చాలు. ఎవరికీ ఏమీ తెలీదు. అమ్మ ఓడిపోతుంది, అంతే.

కమిషనరు గదిలో పొడవాటి బల్లకి ఒకవైపు నేను, ఒకవైపు అమ్మ. అమ్మ వెనకాల ఇద్దరు ఆడవాళ్లు. పక్కగా మాస్టారు. మూలన మా ఆఫీసు స్టెనో, చెప్పినదంతా టైపు చేయడానికి. నాతో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్న మనిషి. బల్ల మధ్యలో కోటు.

కమిషనరు మాస్టార్ని అడిగాడు. మాస్టారు టేపు పెట్టి అందరి ముందూ కొలిచి, దాటిందన్నాడు. దాటినా ఇరవై మూడింటిలో ఇదే మేలైన కోటని కూడా అన్నాడు. తర్వాత అమ్మని అడిగాడు. ఆయాలు, వంగడం, కత్తెర, అన్నీ అమ్మ నిదానంగా చెప్పింది. వణుకు లేదు, ఏడుపు లేదు. ఇదే అమ్మ, ఒకప్పుడు ఇలాంటి గదిలోనే చెప్పబోతే చెప్పనివ్వలేదు.

కమిషనరు నా వైపు తిరిగాడు. "మీ రిజిస్టరు చూశాను. ఈ ఏడాది ఇంతకంటే పెద్ద లోపాలున్న పదకొండు శాంపిళ్లకి పసుపు చీటీ ఇచ్చారు. దీనికి మాత్రం ఇవ్వలేదు. కారణం?"

సూపరింటెండెంటు నేర్పిన వాక్యం నాలుక చివరే ఉంది. అధికారి ఇష్టం, నిబంధన ఫలానా. అమ్మ వైపు చూశాను. ఆవిడ నన్ను చూడట్లేదు. నేను ఒకప్పుడు ఆ నవ్విన ఆఫీసరుని చూసినట్టు చూసినా బాగుండేది. అదీ లేదు.

"కారణం కొలత కాదు సార్" అన్నాను. "ఆ జేబు చూసి అది బొత్తాల షావుకారు తరఫున వచ్చిందనుకున్నాను. ఆయన మీద నాకు పాత పగ ఉంది. రెండో అవకాశం ఇస్తే నెగ్గుతాడని చీటీ ఇవ్వలేదు. వాళ్ల చోటికెళ్లి చూద్దామని మాస్టారన్నారు, నేనే వద్దన్నాను."

కమిషనరు పెన్ను పక్కన పెట్టాడు. "చూడండి, మీరన్నది రికార్డుకెక్కుతుంది. ఎక్కాక ఈ తిరస్కరణా చెల్లదు, మిమ్మల్ని ఆ కుర్చీలో ఉంచడమూ నా వల్ల కాదు. మరోసారి ఆలోచించుకుని చెప్పండి. కక్షతో తిరస్కరించానంటున్నారా?"

"కక్షతోనే సార్."

మూలన టైపు చప్పుడు ఆగిపోయింది. స్టెనో చేతులు గాల్లో పెట్టుకుని నా వైపు చూస్తున్నాడు, వెనక్కి తీసుకుంటానేమోనని. అమ్మ కుర్చీ అతని వైపు తిప్పుకుంది.

"ఆగావేం బాబూ?" అంది. "కొట్టు. ఒక్క ముక్క పోకుండా కొట్టు."

అతను కొట్టాడు. కాగితం నా ముందు పెట్టారు. చదివి సంతకం చేశాను.